ధూళి తెర వెనుక

ఎదిగిన చెట్టును అందరూ చూస్తారు. మొలకను చూసేవారు కొందరే. కృష్ణబిలాల విషయంలో శాస్త్రజ్ఞులదీ చాలాకాలం ఇదే పరిస్థితి.

విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. అందులో తొలి 100 కోట్ల ఏళ్లు నిండకముందే 100 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలాలు ఏర్పడి ఉన్నాయి. అంత త్వరగా అవి ఎలా పెరిగాయి?

నక్షత్రాలు వేగంగా పుట్టే గెలాక్సీలో, దట్టమైన ధూళి మాటున, కృష్ణబిలం వాయువును మింగుతూ పెరుగుతుందనీ, పిమ్మట ఆ ధూళిని చెదరగొట్టి ఉజ్జ్వలమైన క్వేజార్‌గా బయటపడుతుందనీ సిద్ధాంతం చెప్పింది. కాని ఆ నడిమి దశ మాత్రం కంటబడలేదు.

2022లో సీజి ఫుజిమోటో బృందం అటువంటి దానిని ప్రకటించింది. దాని పేరు జీఎన్‌జెడ్7క్యూ. విశ్వానికి 75 కోట్ల ఏళ్లున్ననాటి కాంతి అది. ధూళి వలన ఎర్రబారిన చిన్న చుక్క. దాని గెలాక్సీలో ఏటా దాదాపు 1600 సూర్యులకు సరిపడే ద్రవ్యం నక్షత్రాలుగా మారుతున్నది. మన పాలపుంతలో అది ఒకటి, రెండు సూర్యుల పాటిదే.

విశేషమేమిటంటే, ఆ చుక్క కొత్త చోట దొరకలేదు. సప్తర్షి మండలం దిశలో హబుల్ టెలిస్కోపు ఎన్నోసార్లు శోధించిన చోటనే, భద్రపరచిన పాత చిత్రాలలోనే ఉన్నది.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదు. ఇటువంటివి మరిన్ని కావాలి. అందుకు జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ దృష్టి తోడ్పడుతున్నది. అయినా, చూసేశామనుకున్న దానిని మళ్లీ ఓపికగా చూసినవారికే ఆ మొలక కనిపించిందన్న సంగతిని మనం మరువరాదు.