కెమేరాలోకి తిరిగి వెళ్ళిన బొమ్మ

డిజిటల్ కెమేరాతో తీసిన ఛాయాచిత్రాన్ని కంప్యూటరులోకి తెచ్చుకోవడం చిన్నపిల్లలకు సైతం తెలిసిన పని. ఆ చిత్రాన్ని కంప్యూటరులో దిద్ది, తిరిగి కెమేరాలోకి పంపి, కెమేరా తెర మీదనే చూడాలంటే మాత్రం పెద్దవాళ్ళు కూడా తల పట్టుకోవలసి వస్తుంది. "అసలు ఆ అవసరం ఎవరికండీ?" అని మా మిత్రులు కొందరు నవ్వుతూ ఉంటారు. దేశం విడిచి వచ్చిన మనలాంటి కుటుంబాలకే ఆ అవసరం ఎక్కువగా కలిగిందని నా నమ్మకం. నాకు 2007 సంక్రాంతికి కలిగింది. ఆ అనుభవం వల్ల కెమేరా తయారీదారుల మీద నాకొక ఫిర్యాదు మిగిలింది. నా మీద నాకు అంతకంటె పెద్ద ఫిర్యాదు మిగిలింది.

మా అమ్మ బాపట్లకు దగ్గరలో ఒక పల్లెలో ఉండేది. ఇంట్లో కంప్యూటరు లేదు. ఉన్నా ఆవిడ దాని ముందు కూర్చునే మనిషి కాదు. టీవీ మాత్రం ఉండేది. ఆ రోజులలో కెమేరాతో పాటు పసుపుపచ్చ మొన గల తీగ ఒకటి ఇచ్చేవారు. దానిని టీవీకి తగిలిస్తే కెమేరాలోని బొమ్మలు టీవీ తెర మీద కనిపించేవి. అమెరికాలో కొన్న కెమేరా అమెరికా టీవీల పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో సంకేతాలు పంపేది; మన దేశపు టీవీలది పాల్ పద్ధతి. కెమేరాలో ఆ అమరిక మార్చకపోతే బొమ్మ రంగులు పోయి, పైకీ కిందికీ దొర్లేది. ఈ సంగతి తెలియక మొదటిసారి మా టీవీ పాడయిందనుకుని పక్క ఊరి నుండి మెకానిక్కును పిలిపించిన మాట కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

2004లో మేము ఊరికి వెళ్ళినప్పుడు తీసినవీ, ఆ తరువాత ఇక్కడ పిల్లలవి తీసినవీ కలిపి సుమారు రెండు వందల బొమ్మలు ఎంచాను. చీకటిగా ఉన్నవాటికి వెలుగు పెంచాను. ఫ్లాషు వల్ల ఎర్రబడ్డ కళ్ళను నల్లబరిచాను. అంచులలో అనవసరమనిపించినదాన్ని కత్తిరించాను. దిద్దిన ప్రతులకు ఎవరెవరో తెలిసేలా ఇంగ్లీషు అక్షరాలలో పేర్లు పెట్టి, కెమేరా కార్డులోకి ఎక్కించాను. కంప్యూటరులో చూస్తే కార్డు నిండా బొమ్మలే. కార్డును కెమేరాలో పెట్టి చూస్తే తెర మీద ఒకటే వాక్యం: బొమ్మలు లేవు.

కెమేరా అబద్ధం చెప్పలేదు. తాను వెతికిన చోట, తాను వెతికిన పేరుతో బొమ్మలు లేవని దాని భావం. దీని వెనుక ఒక కట్టుబాటు ఉంది. ఒక సంస్థ కెమేరాలో తీసిన కార్డును మరొక సంస్థ కెమేరాలో పెట్టినా బొమ్మలు కనబడాలన్న ఉద్దేశంతో జపానులోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం 1998లో డీసీఎఫ్ అనే నియమావళిని రూపొందించింది. దాని ప్రకారం కార్డులో డీసీఐఎం అనే ఫోల్డరు ఉండాలి. దాని లోపలి ఫోల్డరు పేరు 100 నుండి 999 వరకు ఏదో ఒక సంఖ్యతో మొదలై, ఆ వెనుక ఐదు అక్షరాలు కలిగి ఉండాలి. బొమ్మ పేరులో మొదటి నాలుగూ అక్షరాలైనా అంకెలైనా కావచ్చు. చివరి నాలుగూ 0001 నుండి 9999 వరకు వరుస సంఖ్య కావాలి. వాడదగినవి ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు 26, అంకెలు 10, అడుగుగీత ఒకటి. మొత్తం 37 గుర్తులు. అమ్మమ్మ, సంక్రాంతి, వసారా అన్న నా పేర్లేవీ ఈ లెక్కలోకి రావు. పేరు సరిపోని ఫైలును చాలా కెమేరాలు తెరిచి చూడనైనా చూడవు.

పేరు సరిచేశాక కూడా కొన్ని బొమ్మలు మొండికేశాయి. 1992 నాటి జేపెగ్ ప్రమాణంలో బొమ్మను దాచడానికి ఒకటి కంటె ఎక్కువ పద్ధతులున్నాయి. సాధారణ పద్ధతిలో బొమ్మ పై వరుస నుండి కింది వరుస దాకా క్రమంగా ఉంటుంది. మరొక పద్ధతిలో బొమ్మ అంతా మొదట మసకగా, తరువాత విడతలు విడతలుగా స్పష్టంగా వస్తుంది. ఇంటర్నెట్టు నెమ్మదిగా ఉన్న కాలంలో ఇది ఉపయోగపడింది. దిద్దే ప్రోగ్రాములు రెండు విధాలుగానూ దాచగలవు. కెమేరాలోని చిన్న చిప్పుకు మాత్రం మొదటిది తప్ప రెండవది తెలియదు. తాను రాసిన లిపిని తాను చదువుకోగలిగితే చాలునన్నది దాని చదువు.

ఇందులో తయారీదారుల తప్పు ఎంత? లోకంలోని ప్రోగ్రాములన్నీ రాసే బొమ్మలన్నింటినీ చదవగల తెలివిని అరచేతిలో ఇమిడే పెట్టెలో పెట్టమనడం న్యాయం కాదు. జ్ఞాపకశక్తి తక్కువ, బ్యాటరీ చిన్నది. అది నేను ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది వారి మౌనం. కెమేరాతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మను బయటికి తీయడానికి పేజీలకు పేజీలు ఉన్నాయి. లోపలికి పంపడానికి ఒక్క పేరా లేదు. ఫైలు పేరు ఎలా ఉండాలో నాలుగు పంక్తులలో చెప్పవచ్చు. కొన్ని కెమేరాలైతే తీగ ద్వారా బొమ్మలను ఇస్తాయి గాని పుచ్చుకోవు. కార్డును విడిగా చదివే పరికరం కొనుక్కోవలసిందే. బొమ్మ తీసినవాడు దానిని మళ్ళీ కెమేరాలో చూడాలనుకుంటాడన్న ఊహ వారికి కలగలేదు. కెమేరాను చేత పట్టుకుని ముసలి తల్లి పక్కన చాప మీద కూర్చునేవాడు వారి లెక్కలో లేడు.

ఇక నా తప్పు. ప్రయాణానికి ఒక రోజే గడువు. రెండు వందల బొమ్మలకు కొత్త వరుస సంఖ్యలు వేసే ఓపిక లేక, సులువైన దారి ఒకటి కనిపెట్టాననుకున్నాను. అసలు బొమ్మకు కెమేరా పెట్టిన పేరు ఎలాగూ నియమావళికి సరిపోతుంది కదా, దిద్దిన బొమ్మకూ అదే పేరు పెడితే సరి! దిద్దిన ప్రతులను అసలువాటి ఫోల్డరులోనే, అసలు పేర్లతోనే దాచాను. ఆ పేరుతో ఫైలు ఇదివరకే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని కంప్యూటరు అడిగింది. అన్నింటికీ అవునన్నాను. 2004 నాటి కార్డును ఎప్పుడో చెరిపి మళ్ళీ వాడేశాను. అంటే అసలు బొమ్మలు ఆ రాత్రితో లోకంలో లేకుండా పోయాయి. అది నాకు అప్పుడు తట్టలేదు. కెమేరా అన్ని బొమ్మలనూ చూపించింది. నేను సంతోషంగా పెట్టె సర్దుకున్నాను.

భోగి నాటి సాయంకాలం టీవీకి తీగ తగిలించాను. తెర మీద ఒకేసారి తొమ్మిది చిన్న బొమ్మలు వచ్చే అమరికలో చూపుతున్నాను. 2004లో మా వసారాలో అందరం కూర్చుని తీయించుకున్న బొమ్మ వచ్చింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, ముందుకు వంగింది.

"ఒరే, ఆ స్తంభం దగ్గర మీ చిన్న మామయ్యరా! పెద్దది చెయ్యి."

మామయ్య 2005లో పోయాడు. ఫొటో అంటే పక్కకు తప్పుకునే మనిషి. నేను మీట నొక్కాను. బొమ్మ తెర నిండా పరుచుకుంది. అందులో మామయ్య లేడు, స్తంభమే లేదు. నీడలో సగం కనబడుతున్నాడని, బొమ్మకు పొందికగా లేదని కుడి అంచును నేనే కత్తిరించాను.

"ఏడిరా? ఇందాక ఉన్నాడుగా!"

మళ్ళీ చిన్నది చేస్తే ఉన్నాడు. పెద్దది చేస్తే లేడు. అమ్మ నాలుగుసార్లు అలా చేయించింది.

దీనికి కారణం శాస్త్రీయంగా చాలా సామాన్యం. కెమేరా ప్రతి బొమ్మ ఫైలులోనూ అసలు చిత్రంతో పాటు దాని బొటనవేలి గోరంత నకలు ఒకటి దాస్తుంది. దీనిని చిరుబొమ్మ అందాం. 1995లో మొదలైన ఎక్సిఫ్ అనే పద్ధతి ప్రకారం తీసిన తేదీ, సమయం, కటకం వివరాలు ఫైలు మొదట్లో ఉంటాయి. వాటి పక్కనే ఈ చిరుబొమ్మ కూడా ఉంటుంది. దాని కొలత అడ్డం 160 చుక్కలు, నిలువు 120 చుక్కలు. తొమ్మిది పెద్ద బొమ్మలను విప్పి చిన్నవి చేయడం కెమేరాకు భారం. తొమ్మిది చిరుబొమ్మలను తీసి పేర్చడం తేలిక. దిద్దే ప్రోగ్రాము పెద్ద బొమ్మతో పాటు చిరుబొమ్మను కూడా మార్చాలి. నేను వాడినది ఆ పని చేయలేదు. పాత వివరాలను భద్రంగా ఉంచాలన్న పట్టుదలలో పాత చిరుబొమ్మను కూడా భద్రంగా ఉంచింది. దానిని లోపమనాలి. ఆ లోపమే నాకు మిగిలిన ఆధారమయింది.

ఇక్కడికి తిరిగి రాగానే ఆ చిరుబొమ్మను ఫైలు నుండి విడదీశాను. అసలు బొమ్మ అడ్డం 2048, నిలువు 1536. అంటే 31 లక్షల 45 వేల పైచిలుకు చుక్కలు. చిరుబొమ్మలో 19,200 మాత్రమే. నూట అరవై మూడు పాళ్ళు పోయి ఒక పాలు మిగిలిందన్నమాట. అందులో మామయ్య ముఖం ఆరు చుక్కల వెడల్పు. ఏ ప్రోగ్రాముతో ఎంత పెంచినా ఆరు చుక్కలలో లేని ముక్కూ కళ్ళూ రావు. వచ్చినా అవి యంత్రం ఊహించినవే గాని మామయ్యవి కావు. ఈనాటి కృత్రిమ మేధ చక్కని ముఖమొకటి గీసి ఇవ్వగలదు. మా పిల్లలు చేసి చూపించారు కూడా. బాగుంది, కాని ఆయన ఎవరో నాకు తెలియదు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. దిద్దడం తప్పు కాదు. దిద్దినదాన్ని కెమేరాలోకి పంపడమూ తప్పు కాదు. కెమేరా సాక్షి వంటిదనీ, దిద్దిన బొమ్మను అది నిరాకరించడమే మంచిదనీ ఒక మిత్రుడు వాదిస్తాడు. ఆ వాదన నాకు రుచించదు. పేరు మారిస్తే ఒప్పుకునే సాక్షి ఏమి సాక్షి? బొమ్మ ఎక్కడ ఎలా మారిందో ఆ బొమ్మతోనే నమోదై ఉండాలి. 2023లో లైకా సంస్థ ఎం11-పీ అనే కెమేరాలో అటువంటి ఏర్పాటు తెచ్చింది. అది సామాన్యుడి కెమేరాలకూ రావాలి. అందాకా ఆ బాధ్యత మనదే.

పని మాత్రం చాలా చిన్నది. అసలు బొమ్మల ఫోల్డరును ముట్టుకోకండి. దిద్దే ముందే ప్రతి తీసి వేరే చోట పెట్టండి. కెమేరాలో చూపడానికి వేరే కార్డు ఉంచుకోండి. ఖాళీ కార్డును కెమేరాలోనే ఫార్మాటు చేసి, ఒక బొమ్మ తీయండి. అవసరమైన ఫోల్డర్లను కెమేరాయే పుట్టిస్తుంది. దిద్దిన ప్రతులను సాధారణ జేపెగ్ పద్ధతిలో దాచి, కొత్త వరుస సంఖ్యలతో అందులో చేర్చండి. ఒకే ఫోల్డరులో ఒకే సంఖ్య రెండు బొమ్మలకు వేయకండి. కార్డు పక్కన చిన్న తాళపు మీట ఉంటే అది తెరిచి ఉందో లేదో చూడండి. నేను ఆ మీట మీద అరగంట పోగొట్టుకున్నాను.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది, ఈ బాధలన్నీ ఎందుకంటారా? బాధ వేషం మార్చింది, అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ చిక్కిపోయి, తేదీ వగైరా వివరాలు పోగొట్టుకుని అవతలివారికి చేరుతుంది. ఊళ్ళో ఉన్నవారి ఫోనులో మిగిలేది ఆ ప్రతే. బొమ్మగా కాక డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్లు వెళుతుంది. మన ఇళ్ళల్లో ఎంతమంది అలా పంపుతున్నారు?

ఇంకొక్క సంగతి. పూర్వం స్టూడియోలో తీయించిన ఫొటో వెనుక ఎవరో ఒకరు పెన్సిలుతో పేర్లూ ఊరూ సంవత్సరమూ రాసి ఉంచేవారు. కెమేరా నియమావళికి తెలుగు పేర్లు పనికిరావన్న మాట నిజమే. ఫైలు పేరులో పనికిరావు. ఫైలు లోపల రాయవచ్చు. తెలుగు లిపి 1991 నుండి యూనికోడ్‌లో ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతిలో బొమ్మకు సంబంధించిన మాటలను ఏ లిపిలోనైనా ఫైలులోనే దాచుకోవచ్చు. కెమేరా వాటిని చూపించదు. కంప్యూటరులో వివరాల గడి తెరిస్తే కనబడతాయి. మన మనుమలు తెలుగు చదవలేరేమోనన్న భయం ఉన్నవారు ఇంగ్లీషులో కూడా రాయండి. నేను రెండింటిలోనూ రాస్తున్నాను.

చిరుబొమ్మను అగ్గిపెట్టె కంటె చిన్న కొలతలో అచ్చు వేయించి అమ్మకు పంపాను. అంతకంటె పెద్దది చేస్తే చుక్కలు విడిపోతున్నాయి. ముఖం తెలియకపోయినా, భుజం మీద తువ్వాలు వేసుకున్న తీరును బట్టి మా తమ్ముడేనని వచ్చిన వాళ్ళందరికీ చూపించేదట. ఆవిడ ఉన్న రోజులలోనే మిగిలిన బొమ్మలలోని వారి పేర్లన్నీ అడిగి రాసుకోవలసింది. సగం కూడా కాలేదు. 2004 నాటి బొమ్మలలో నేను గుర్తుపట్టలేనివారు ఇంకా ఏడుగురున్నారు. వారిని ఎరిగినది ఇప్పుడు మా పెద్దక్క ఒక్కతే. ఆదివారాలు ఫోను చేసి, ఒక్కొక్క బొమ్మ పంపి, పేరు రాసుకుంటున్నాను.