మృగశిరలో మందు, కార్తీకంలో ఉబ్బసం

ఉబ్బసమని నలుగురిలో అన్నామా, హైదరాబాదు వెళ్ళి చేప మందు మింగి రమ్మనేవాళ్ళు ఒకరైనా ఉంటారు. మృగశిర కార్తె ప్రవేశించే జూన్ 8 దరిదాపుల్లో బత్తిని కుటుంబంవారు పసుపు రంగు ముద్దను బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. వరసగా మూడేళ్ళు మింగాలి. ఏటా 45 రోజుల పథ్యం.

ఈ లెక్కను మన ఊరు దొరవారిసత్రంలో పెట్టి చూద్దాం. తెలంగాణకు మృగశిరతో వానలొస్తాయి. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూలైలో పథ్యం ముగిసేనాటికి ఇక్కడి గోడలు ఎండే ఉంటాయి. అప్పుడు ఆయాసం తగ్గితే పేరు చేపకు వస్తుంది. కార్తీకంలో ముసురు పట్టి, గోడ చెమ్మెక్కి నల్లమచ్చలు పుట్టాక పిల్లవాడికి పిల్లికూతలు మొదలైతే మాత్రం తప్పు పథ్యానిది, కాదంటే దిష్టిది.

ఆ మచ్చలు బూజు. అందులోంచి గాల్లోకి లేచేవి సిద్ధబీజాలు. ఆస్పర్‌జిల్లస్ రకానివైతే 2, 3 మైక్రాన్లే, ముక్కులో చిక్కకుండా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. అలర్జీ ఉన్నవాళ్ళలో గాలిగొట్టాలు వాచి, బిగుసుకుని, కఫం పేరుకుంటుంది. అందరికీ కాదు. ఒకే గదిలో పడుకున్న అన్న హాయిగా నిద్రపోతాడు, తమ్ముడు రొప్పుతాడు. దయ్యం కథలు పుట్టేది ఈ తేడా దగ్గరే. తడిసిన గడ్డివామి లాగితే లేచే దుమ్ములోనూ ఇవే ఉంటాయి. సాంబ్రాణి వేస్తే చెమ్మ పోదు, వాచిన గొట్టాలకు పొగ తోడవుతుంది. నీరు దిగే పగులు పూడ్చకుండా సున్నం కొట్టినా బూజు మళ్ళీ వస్తుంది. ఇక ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయం! వాపు తగ్గించే ఆ మందు మైక్రోగ్రాముల లెక్కన, నేరుగా గొట్టాలకే చేరుతుంది.

మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీ పెనిసిలియం బూజును తానే పీల్చి, గొంతు బొంగురుపోయి రొమ్ము పట్టేసిందని 1873లో పుస్తకంలో రాసిపెట్టాడు. మన బత్తినివారు 1845 నుంచి ఇస్తున్నామంటారు గానీ ముద్దలో ఏముందో చెప్పరు. సైన్సు ప్రచార సంస్థ జనవిజ్ఞాన వేదిక నిలదీసి, తగవు కోర్టుకెక్కాక, మందు కాస్తా ప్రసాదమయింది. సరే, గుట్టు వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. మింగినవాళ్ళలో ఎంతమంది నవంబరు రాత్రుళ్ళు మంచం మీద కూర్చునే తెల్లవార్చారో, మింగనివాళ్ళలో ఎంతమందో, ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపమనండి.