అమీర్ హుకుం మన హిసాబ్ మోయదు

పోయిన సెప్టెంబరులో ఎల్లారెడ్డిలో ఒక వలీమా దావత్‌కి వెళ్ళాను. బగారా ఖానా, దాల్చా అయ్యాక మగవాళ్ళమంతా షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. మాట పోలీస్ యాక్షన్ మీదికి పోయింది. ఆ నెలలో పోకుండా ఎట్లా ఉంటుంది? ఒక పార్టీ విమోచన దినం అంటుంది, ఒక పార్టీ సమైక్యతా దినం అంటుంది, ఇప్పటి సర్కారు ప్రజాపాలన దినోత్సవం అంటుంది. ఏ పేరు పెట్టినా ఆ వారమంతా మన ఇళ్ళల్లో గొంతులు తగ్గిపోతాయి.

అమెరికాలో, యూటా రాష్ట్రంలో నౌకరి చేసే మా భాంజా అక్కడే ఉన్నాడు. వాడి చుట్టుపక్కలంతా మోర్మన్లేనట. 1830లో జోసెఫ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన క్రైస్తవ జమాత్ వాళ్ళది. షరాబ్ ముట్టరు, సిగరెట్ ముట్టరు, చివరికి చాయ్ కూడా తాగరు. (చాయ్ లేని దీన్ మన కామారెడ్డి వాళ్ళకు నడవదు, అది వేరే సంగతి.) యుద్ధం గురించి వాళ్ళ పెద్దలు చెప్పిన మాట వాడికి బాగా నచ్చింది.

"మామూ, వాళ్ళది సాఫ్ మాట. సర్కారు పిలిస్తే సిపాయి పోతడు, చంపుతడు. ఆ గునాహ్ పిలిచినోడిది, సిపాయిది కాదు. మన రజాకార్లది కూడ గంతే కదా? ఖాసిం రజ్వీ పిలిచిండు, ఊర్లళ్ళ పోరగాండ్లు పోయిండ్రు. పాపం వాళ్ళను అనుడు ఎందుకు?"

పక్కనున్న ఒక బుజుర్గ్ తల ఊపాడు. "హౌ, హుకుం హుయా తో క్యా కరేంగే."

నేను అక్కడ నోరు మెదపలేదు. పెళ్ళివారి దావత్‌లో బహస్ ఎందుకనుకున్నాను. తిరుగు బస్సులో కామారెడ్డి దాకా ఆ చుప్ నన్ను పొడుస్తూనే ఉంది. అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మోర్మన్లకు ఇన్సాఫ్ చేయాలి. ఆ మాట వాళ్ళ పెద్దలు చెప్పింది 1942 ఏప్రిల్‌లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో. వాళ్ళ పిల్లలు అమెరికా ఫౌజ్‌లోనూ ఉన్నారు, జర్మనీ ఫౌజ్‌లోనూ ఉన్నారు. రెండు వైపులా ఏడుస్తున్న తల్లులకు తసల్లీ కావాలి. మీ బిడ్డ ఖాతిల్ కాదమ్మా, లెక్క చెప్పాల్సింది పాలకులే అన్నారు. ఆ తల్లుల ముందు నిలబడితే నేనైనా ఇంకేమంటాను?

కానీ అదే సంవత్సరం అక్టోబరు 27న బెర్లిన్‌లో హెల్ముట్ హ్యూబెనర్ అనే మోర్మన్ పిల్లవాడి తల నరికారు. పదిహేడేళ్ళ వయసు. వాడు హాంబుర్గ్‌లో రాత్రిపూట దొంగతనంగా బీబీసీ రేడియో విని, హిట్లర్ చెప్పేదంతా ఝూట్ అని కాగితాలు టైపు చేసి పంచాడు. వాడిని పట్టుకోగానే అక్కడి మోర్మన్ పెద్ద వాడిని జమాత్ నుంచి వెలివేశాడు. ఆ పెద్ద నాజీ పార్టీ మెంబర్. యుద్ధం అయిపోయాక మళ్ళీ వాడి పేరు జమాత్‌లో ఎక్కించారు. వాడు ఖబర్‌లోకి పోయిన తర్వాత!

హుకుం మాటున దాక్కునే ఆ తసల్లీ ఎంత దూరం పోతుందో చూడు భాంజా. అది ఫౌజ్‌లో కొట్టుకుపోయిన వాడిని ఓదారుస్తుంది, వద్దన్నవాడిని ఒంటరివాణ్ణి చేస్తుంది.

ఇక మన సంగతి. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) కంటే పెద్ద సిపహ్‌సాలార్ ఎవరున్నారు? బనూ జజీమా అనే ఖబీలా దగ్గరికి హుజూర్ (స) ఆయన్ని పంపారు. వాళ్ళు ఇస్లాంలోకి వచ్చామని సరైన లఫ్జ్‌లో చెప్పలేకపోయారు. ఆ గలత్‌ఫహ్మీలో కొందరు చనిపోయారు, కొందరు ఖైదయ్యారు. ఒక్కో ఖైదీని ఒక్కొక్కరికి అప్పగించి, తర్వాత ఎవరి ఖైదీని వారు చంపాలని హుకుం వచ్చింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) నేను చంపను, నా సాథీలు కూడా చంపరు అని తేల్చేశారు. మదీనాకు వచ్చి సంగతి చెబితే హుజూర్ (స) చేతులెత్తి, ఖాలిద్ చేసిన దాంతో నాకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. బుఖారీ షరీఫ్‌లోనే ఉంది ఇది. మరి అబ్దుల్లా బిన్ ఉమర్‌ని అమీర్ మాట ఎందుకు వినలేదని అడిగారా? లేదు.

ఇంకొక అమీర్ కోపంలో మంట పెట్టించి, మనుషుల్ని అందులో దూకమన్నాడు. వాళ్ళు ఆగిపోయారు. దూకి ఉంటే అందులోంచి ఎన్నడూ బయటికి వచ్చేవాళ్ళు కాదని, ఇతాఅత్ మంచి పనిలోనే అని హుజూర్ (స) చెప్పారు. ఖయామత్ రోజు జనం మా సర్దార్ల మాట, మా పెద్దల మాట విని దారి తప్పామని మొరపెట్టుకుంటారని సూరా అహ్‌జాబ్‌లో ఉంది. సూరా ఆరాఫ్‌లో దానికి జవాబూ ఉంది. నడిపించిన వాళ్ళకూ రెట్టింపే, నడిచిన వాళ్ళకూ రెట్టింపే. ఎల్లారెడ్డిలో ఆ బుజుర్గ్ తల ఊపిన ఉజ్ర్ ఉంది చూశారా, దాన్ని ఖురాన్ ఎప్పుడో విని తోసిపుచ్చింది.

పైగా రజాకార్లకు ఆ మోర్మన్ల తసల్లీ కూడా అతకదు. రజాకార్ అంటేనే తన రజాతో, తన ఇష్టంతో వచ్చినవాడు. వాళ్ళను ఎవరూ జబర్దస్తీగా భర్తీ చేయలేదు. ఖాసిం రజ్వీ బాద్‌షా కాదు, లాతూర్ వకీలు. ఆయన వెనక పోవాలని ఏ ఖానూనూ చెప్పలేదు. పోయినవాళ్ళలో కొందరు దొరల గడీలకు కాపలా కాశారు. దున్నేవాడి మీద దొర జుల్మ్‌కు పహరా కాయడం ఏ కితాబ్‌లో జిహాద్?

కాదన్న ముసల్మాన్లు లేరా? ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ కాదన్నాడు. 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో ఆయన్ని చంపారు, రాసిన చేతిని నరికారు. అదే నెలాఖరులో ఇప్పటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో ఒక్క రోజున తొంభై మందికి పైగా ప్రాణాలు పోయాయి.  మఖ్దూం మొహియుద్దీన్ ఎటువైపు నిలబడ్డాడో చెప్పక్కర్లేదు. 2024లో వచ్చిన ఆ సినిమా వీళ్ళను మరచిపోయిందని మనం కోపం తెచ్చుకుంటాం. మరి మన పిల్లల్లో ఎంతమందికి షోయబుల్లా ఖాన్ పేరు తెలుసు?

"మన మీద జరిగింది తక్కువా?" అంటారు. తక్కువ కాదు. సెప్టెంబరు 13న ఫౌజ్ వచ్చింది, 17న నిజాం చేతులెత్తేశాడు. ఆ తర్వాత జరిగిన ఖత్ల్‌ల మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ల కమిటీ జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ఎక్కువ. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు.

ఇప్పుడు చెప్పండి. హుకుం ఇస్తే సిపాయికి గునాహ్ లేదన్న మాట మనం ఒప్పుకుంటే, ఆ ఊళ్ళల్లో చంపినవాళ్ళకు, చంపుతుంటే చూస్తూ నిలబడ్డ వర్దీవాళ్ళకు కూడా గునాహ్ లేనట్టే కదా? అప్పుడు సుందర్‌లాల్ రిపోర్టును మన చేతుల్తో మనమే చింపుకున్నట్టు. ఆ బేవాల తరఫున ఇన్సాఫ్ అడిగే నోరు మనకు ఉండాలంటే, బైరాన్‌పల్లి బేవాల ముందు ఉజ్ర్‌లు చెప్పడం మానాలి. త్రాసు ఒకటే ఉంటుంది.

జిహాద్‌కు వస్తానన్న ఒకాయన్ని, మీ అమ్మానాన్నా ఉన్నారా అని అడిగి, ఉన్నారనగానే వాళ్ళ ఖిద్మత్‌లోనే జిహాద్ చెయ్ అని వెనక్కి పంపారు హుజూర్ (స). ఎల్లారెడ్డి దగ్గర మా వాళ్ళింట్లో ఈ హదీస్ ఎవరూ చదివి ఉండరు. మా నానీ తమ్ముడికి అప్పుడు పదహారేళ్ళు. రజాకార్ల పరేడ్‌కు పోతానని ఎక్కడిదో ఖాకీ షర్ట్ తెచ్చుకున్నాడట. వాళ్ళమ్మ రాత్రికి రాత్రి దాన్ని కత్తిరించి జొన్నల సంచి కుట్టేసింది. మూడు రోజులు ఆయన అన్నం తినలేదు. పోలీస్ యాక్షన్ అప్పుడు పక్కింటి కాపువాళ్ళు ఆయన్ని తమ పశువుల కొట్టంలో దాచారు. ఆయన ఏ ఇంటి ముందూ తుపాకీ పట్టుకుని నిలబడలేదని వాళ్ళకు తెలుసు.

భాంజా, ఆయన మీ నానీకి సొంత మామూ. ఫ్లైట్ ఎక్కేలోపు ఒక జుమ్మా కామారెడ్డికి రా. ఆ సంచి ఇంకా మీ నానీ సందూక్‌లోనే ఉంది.