‘అధ్యక్షుడు’ అన్న మాటలో ఆమెకు చోటున్నదా?

గత సంవత్సరం మన కళాశాల సాహిత్య సమితి ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు ఒక విద్యార్థిని మా వద్దకు వచ్చి, “సార్, ‘అధ్యక్షుడు’ అని వ్రాశారు కదా, మేము పోటీ చేయవచ్చునా?” అని అడిగింది. చేయవచ్చునని చెప్పి పంపించాము. కాని ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు.

కేంద్ర శాసనాలలోని పుంలింగ పదాలు స్త్రీలకు కూడా వర్తిస్తాయని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను చెప్పుచున్నది. 2007లో శ్రీమతి ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు ‘రాష్ట్రపతి’ అన్న మాట స్త్రీకి చెల్లునా అని చర్చ జరిగినది. చివరకు ఆ మాటే నిలిచినది. అది పదవిని చెప్పే మాట. ‘అధ్యక్షుడు’ అట్టిది కాదు. దాని చివరి ‘డు’ పురుషుణ్ణే చూపుతున్నది.

వ్యాకరణమే అట్లున్నప్పుడు మనమేమి చేయగలమని కొందరు మిత్రులంటారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పురుషవాచకాలను మహత్తులన్నాడు. ఏకవచనంలో ఆమె వచ్చినా, ఆవు వచ్చినా, బండి వచ్చినా మనకు క్రియ ఒక్కటే. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో సమానంగా ‘వచ్చారు’. మహత్తు అన్నది కేవలం శాస్త్రసంజ్ఞ, నిజమే. కాని ఆ సూత్రం చెప్పేవేళ విద్యార్థినుల ముఖాలు చూచినవారికి సంజ్ఞ వట్టి సంజ్ఞగా మిగలదని తెలుస్తుంది.

‘కితాబ్’ అరబ్బీలో పుంలింగం. ఉర్దూలోనికి వచ్చి స్త్రీలింగమైనది. పుస్తకం మారలేదు, వాడుక మారినది. లింగం వస్తుస్వభావంలో గాక పలికేవారి అలవాటులో ఉన్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేల? అలవాటును దిద్దుకొనవచ్చును.

క్రియారూపాలను మార్చుమని మేము కోరుట లేదు. ‘అధ్యక్షురాలు’ అని వేరుగా చేర్చుమనుట కూడ కాదు. ‘అధ్యక్ష పదవికి ఎన్నిక’ అని వ్రాసిన చాలును. ‘కార్యదర్శి’ ఎట్లాగూ ఉభయులకు చెల్లుతుంది. గదులు ఊడ్చే ఆమెను ‘అది’ అనక ‘ఆమె’ అందాము. వీటికి కమిటీవారి తీర్మానం కూడ అక్కరలేదు.

ఆనాటి విద్యార్థిని నామినేషను వేయలేదు. కారణం మేము అడుగలేదు. ఈ సంవత్సరపు ప్రకటన చదివి, మరే విద్యార్థినియు ఆ ప్రశ్న అడుగవలసిన అవసరం రాకూడదు.