ఇస్నోఫీలియా జబ్బు పేరు కాదు

"డాక్టరుగారూ, నాకు పదేళ్ళ నుంచి ఇస్నోఫీలియా ఉందండీ." ఓపీలో తరచుగా వినే మాట ఇది. దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా, తుమ్ములొచ్చినా ఇదే పేరు. ఈ పేరు మన జనానికి మేలుకంటే కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం.

రక్తంలోని తెల్లకణాలు ముఖ్యంగా ఐదు రకాలు. న్యూట్రోఫిల్స్ బాక్టీరియాతో ముందుగా పోరాడతాయి. లింఫోసైట్స్ వైరస్‌లను ఎదుర్కొంటాయి. మోనోసైట్స్ క్రిములను, చనిపోయిన కణాలను మింగి శుభ్రం చేస్తాయి. ఇస్నోఫిల్స్ పురుగుల మీద పనిచేస్తాయి, ఎలర్జీలోనూ పెరుగుతాయి. బేసోఫిల్స్ బహు కొద్ది. పెద్దవారిలో మొత్తం తెల్లకణాలు ఘన మిల్లీమీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి.

రిపోర్టులో ఇస్నోఫిల్స్ 8 శాతం అని చూడగానే కంగారుపడకండి. టోటల్ కౌంట్ 5,000 అయితే అందులో 8 శాతం అంటే 400 మాత్రమే. 500 లోపు ఉంటే సాధారణమే. టోటల్ కౌంట్ 14,000 అయితే అదే 8 శాతం 1,120 అవుతుంది. అప్పుడు కారణం వెదకాలి.

కారణం ఎలర్జీ కావచ్చు, ఉబ్బసం కావచ్చు, కడుపులో పురుగులు కావచ్చు, ఏదైనా మందు పడకపోవడం కావచ్చు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో రాత్రిపూట దగ్గు, ఆయాసంతోపాటు ఈ కణాలు 3,000 దాటితే ఫైలేరియా పురుగును అనుమానించాలి. దానికి డీఈసీ మాత్రలున్నాయి. అరుదుగా రక్త క్యాన్సర్ కూడా కారణమవుతుంది. ఒక్కొక్క దానికి వైద్యం వేరు.

అయితే జరుగుతున్నదేమిటి? మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని వేసుకుంటారు. కౌంట్ దిగుతుంది, రిపోర్టు బాగుంటుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. ఇన్‌హేలర్ వాడవలసిన ఉబ్బసం రోగి అది లేకుండానే ఏళ్ళు గడిపేస్తాడు. కడుపులో స్ట్రాంజిలాయిడిస్ అనే పురుగు ఉన్నవారికైతే స్టెరాయిడ్ వల్ల అది ఒళ్ళంతా వ్యాపించి ప్రాణం మీదికే రావచ్చు.

తప్పు రోగులది మాత్రమే కాదు. తీరిక లేదని చీటీ మీద ఆ ఒక్క ముక్క రాసి పంపే మా వైద్యులదీ ఉంది. ఈసారి ఎవరైనా మీకు ఇస్నోఫీలియా అంటే, "ఎందుకు పెరిగిందండీ?" అని అడగండి. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు వెంట తెచ్చుకోండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మా బాధ్యత.