పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు

మొన్న శనివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయింది వాడు. "అన్నా, ఇల్లు కొందామనుకుంటున్నాం. ఇంకో రెండు నెలల్లో మార్ట్‌గేజ్‌కి అప్లై చేస్తాం. స్కోరు తక్కువుంది, క్రెడిట్ బిల్డర్ కార్డు తీసుకోమంటున్నారు అందరూ. ఏది మంచిది?" అన్నాడు.

"ఈ రెండు నెలల్లో ఏదీ మంచిది కాదు" అన్నాను. వాడికి నచ్చలేదు. "గ్రూపులో అందరూ ఇదే చెప్తున్నారన్నా" అన్నాడు. నా బాధ కూడా అదే. నాకూ అప్పట్లో అందరూ అదే చెప్పారు.

ఈ కార్డుల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. బ్రిటన్‌లో క్రెడిట్ చరిత్ర లేనివాళ్ళకీ, చెడిపోయినవాళ్ళకీ ఇచ్చే కార్డులివి. లిమిట్ కొన్ని వందల పౌండ్లే ఉంటుంది, వడ్డీ మాత్రం ఏడాదికి 30 శాతం దాటుతుంది. కొంచెం వాడి, నెలనెలా కట్టేస్తే మన ఫైల్లో మంచి చరిత్ర తయారవుతుంది. ఇంతవరకూ అబద్ధం ఏమీ లేదు. "తయారవడానికి ఎంత కాలం పడుతుంది" అన్న దగ్గరే అందరూ నోరు మూసుకుంటారు.

మనం ఇక్కడ దిగిన రోజున మన ఫైలు ఖాళీ. హైదరాబాద్‌లో పదేళ్ళు హోమ్ లోన్ కట్టి ఉండొచ్చు, ఒక్క వాయిదా తప్పి ఉండకపోవచ్చు. మామూలుగా అది ఇక్కడ లెక్కలోకి రాదు. తమాషా ఏంటంటే అక్కడ సిబిల్ ట్రాన్స్‌యూనియన్‌దే, ఇక్కడి మూడు ఏజెన్సీల్లో ఒకటీ ట్రాన్స్‌యూనియనే (మిగతా రెండూ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్). పుట్టింటి పేరు ఒకటే, అయినా మెట్టినింట్లో మనల్ని ఎవరూ గుర్తుపట్టరు. కాబట్టి ఖాళీ ఫైలు నిజంగా సమస్యే. నేను కాదనను. నేను కాదనేది ఇల్లు కొనే ముందు హడావిడిగా ఆ ఖాళీని నింపడాన్ని.

ముందు స్కోరు సంగతి. ఫోన్‌లో గుండ్రటి చక్రంలో రంగురంగులుగా కనబడే ఆ అంకె ఉంది చూశారూ, బ్యాంకు దాన్ని చూడదు. మూడు ఏజెన్సీలకి మూడు కొలబద్దలు, మూడు అంకెలు. అవి మన కోసం తయారు చేసినవి. అప్పిచ్చే బ్యాంకు ఫైల్లోని అసలు వివరాలు తెప్పించుకుని, మన అప్లికేషన్‌తో కలిపి, తన సొంత లెక్క తను వేసుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే మనం డాష్‌బోర్డ్ చూసి మురిసిపోతున్నాం, వాళ్ళు లాగ్స్ చదువుతున్నారు. డాష్‌బోర్డ్ ఆకుపచ్చగా ఉండి లాగ్స్ నిండా ఎర్రర్లు ఉన్న ప్రొడక్షన్‌ని మనం ఎన్నిసార్లు చూడలేదు?

మరి ఆ అంకెని ఉచితంగా ఎందుకు చూపిస్తున్నారు? అక్కడి నుంచి మనం కార్డు తీసుకుంటే వాళ్ళకి కమీషన్ వస్తుంది కాబట్టి. "మీ స్కోరు పెంచుకోండి" అన్న సలహా కిందే కార్డు ప్రకటన ఉంటుంది. కళ్ళజోళ్ళ కొట్టువాడే కళ్ళు పరీక్ష చేసి "చూపు మందగించింది బాబూ" అంటే ఎంత నమ్ముతామో, దీన్నీ అంతే నమ్మాలి.

ఇక అప్లికేషన్‌కి రెండు నెలల ముందు కొత్త కార్డు తీసుకుంటే లాగ్స్‌లో ఏం పడుతుందో చూడండి.

మొదటిది, హార్డ్ సెర్చ్. కార్డు వస్తుందో రాదో ముందు చూసుకునేది సాఫ్ట్ సెర్చ్, అది వేరే బ్యాంకులకి కనబడదు. నిజంగా అప్లై చేస్తే పడేది హార్డ్ సెర్చ్. అది కనీసం ఏడాది పాటు అందరికీ కనబడుతుంది. కంగారులో మూడు కార్డులకి అప్లై చేస్తే మూడు మచ్చలు.

రెండోది, ఖాతాల వయసు. ఉన్నదే ఏడాదిన్నర చరిత్ర. దాని పక్కన నిన్న పుట్టిన ఖాతా చేరితే సగటు వయసు పడిపోతుంది.

మూడోది, లిమిట్‌లో ఎంత వాడామన్నది. 300 పౌండ్ల లిమిట్ మీద నెలకి 240 పౌండ్ల సరుకులు కొన్నారనుకోండి. నెలాఖరుకి మొత్తం కట్టేసినా, మామూలుగా ఫైల్లోకి వెళ్ళేది స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీ. అంటే 80 శాతం వాడేశాడు అని. చదివేవాడికి మీ క్రమశిక్షణ కనబడదు, మీ ఇబ్బంది కనబడుతుంది. నాలుగో వంతు దాటకుండా వాడమనేది ఇందుకే. ఏటీఎంలో డబ్బు తీస్తే అదీ విడిగా నమోదవుతుంది. వడ్డీ కూడా ఆ రోజు నుంచే.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. ఒక్క వాయిదా తప్పితే ఆరేళ్ళు ఆ మచ్చ ఫైల్లో ఉంటుంది. మంచి పేరు రావడానికి నెలలు, ఏళ్ళు కావాలి. చెడ్డపేరుకి ఒక్క నెల చాలు.

ఇది నాకెలా తెలుసంటే, జరిగింది నాకే కాబట్టి. 2022 నవంబర్‌లో కార్డు తీసుకున్నాను, వేసవిలో ఇల్లు కొనాలని. డైరెక్ట్ డెబిట్ పెట్టాననే అనుకున్నాను. చివరి పేజీలో బటన్ నొక్కలేదని తర్వాత తెలిసింది. సంక్రాంతికి ఊరెళ్ళాను, అయిదు వారాలు. ఇక్కడి సిమ్ తీసి సూట్‌కేసులో పడేశాను. తిరిగొచ్చి చూస్తే ఆరు మెసేజ్‌లు. బాకీ 18 పౌండ్లు, దాని మీద ఆలస్య రుసుము. గంటలో కట్టేశాను. కానీ ఫైల్లో ఒక నెల వాయిదా తప్పినట్టు పడిపోయింది. తప్పు వాళ్ళది కాదు, తీసేయమని అడగడానికి లేదు. 200 మాటల్లోపు సంజాయిషీ రాసి ఫైల్లో పెట్టుకునే హక్కు ఉంది, పెట్టాను. మొదట కంప్యూటరే కాదన్నాక ఆ సంజాయిషీ ఎవరు చదివారో దేవుడికెరుక.

జూన్‌లో మేం అనుకున్న బ్యాంకు కాదంది. "ఆ కార్డు లేకపోతే మీ కేసు సులువుగా ఉండేది" అన్నాడు బ్రోకర్. వేరే బ్యాంకు దొరికేసరికి, మా ఆవిడ పక్కనే స్కూలు ఉందని ముచ్చటపడ్డ ఇల్లు ఇంకొకళ్ళకి వెళ్ళిపోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తర్వాత కొన్న ఇల్లు బాగానే ఉంది గానీ, పాపని బడికి దింపడానికి రోజూ ఇరవై నిమిషాలు కారు నడుపుతూ ఆ 18 పౌండ్లే గుర్తుచేసుకుంటాను.

డబ్బు లెక్క కూడా చెప్తాను. మూడు లక్షల పౌండ్ల అప్పు, 25 ఏళ్ళు అనుకుందాం. 4.5 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 1,667 పౌండ్లు. చరిత్ర కాస్త మసకబారి 5 శాతానికి దొరికితే 1,754. నెలకి 87 పౌండ్లు ఎక్కువ, రెండేళ్ళ ఫిక్స్‌డ్‌లో రెండు వేల పైచిలుకు. ఉచితంగా వచ్చిన కార్డు ఇంత ఖరీదైనది!

"మరి ఖాళీ ఫైలుతో ఏం చెయ్యమంటావ్?" అంటారు. చెప్తాను.

కార్డు తీసుకోండి, కానీ దేశంలో దిగిన కొత్తలోనే, ఇల్లు కొనడానికి కనీసం ఏడాది ముందు. ఒక్కటే తీసుకోండి. మొత్తం బాకీకి డైరెక్ట్ డెబిట్ పెట్టి, మొదటి నెల డబ్బు నిజంగా వెళ్ళిందో లేదో కళ్ళతో చూసుకోండి. నెలకో పెట్రోల్ బిల్లు కట్టి మర్చిపోండి. ఫోన్ కాంట్రాక్టు మీ పేరునే పెట్టుకోండి. మూడు ఏజెన్సీల రిపోర్టులూ తెప్పించండి, 2018 నుంచి చట్టప్రకారం ఉచితం. ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉండొచ్చు.

మనవాళ్ళు పట్టించుకోనిది ఇంకోటుంది, ఓటర్ల జాబితా. "మనం ఇక్కడి పౌరులం కాదుగా" అంటారు. కామన్‌వెల్త్ దేశాల వాళ్ళు వీసా మీద ఉన్నా ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. భారత్ కామన్‌వెల్త్ దేశమే. మన పేరూ చిరునామా నిజమేనని బ్యాంకులు చూసుకునేది ఆ జాబితాలోనే. పైసా ఖర్చు లేదు, హార్డ్ సెర్చ్ లేదు, కమీషనూ లేదు. అందుకేనేమో ఎవరూ ప్రకటన వెయ్యరు!

చివరి ఆరు నెలలూ కొత్త కార్డు వద్దు, వాయిదాల మీద కారు వద్దు, సోఫా వద్దు. మార్ట్‌గేజ్ ఆఫర్ వచ్చాక కూడా తాళాలు చేతికొచ్చేదాకా ఆగండి, కొన్ని బ్యాంకులు చివర్లో మళ్ళీ చూస్తాయి. రిలీజ్ ముందు కోడ్ ఫ్రీజ్ అంటే మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆఫీసులో ఒక్క లైను మార్చడానికి నలుగురి సంతకాలు అడిగేవాళ్ళం, జీవితంలో అతి పెద్ద రిలీజ్ ముందు మాత్రం వాట్సాప్‌లో ఎవరో చెప్పారని కొత్త కార్డు తెచ్చి ప్రొడక్షన్‌లో పడేస్తాం.

తమ్ముడు చివరికి "ఏడాది ఆగాలా అన్నా?" అన్నాడు. అక్కర్లేదు. ఉన్న ఫైలుతోనే, వీసా వాళ్ళతో అలవాటున్న బ్రోకర్‌ని పట్టుకుని అడుగు. కొన్ని బ్యాంకులు డిపాజిట్ ఎక్కువ అడుగుతాయి, కొన్ని అడగవు. పల్చటి ఫైలుతో ఇల్లు కొన్నవాళ్ళు నాకు తెలుసు. మచ్చ పడ్డ ఫైలుతో తిరిగినవాణ్ణి నేనే.