చలికి తలవంచని తీగ

గులాబీ అంటే మనకు అంటు, లేదా కొమ్మ. గింజ నాటి, ఏ రంగు పూస్తుందో తెలియక ఎదురుచూడటం వేరే ఆనందం. అందుకే ఈ సంచికను అలా గింజల నుంచి పుట్టిన చలిదేశాల తీగ గులాబీలకు ఇస్తున్నాం.

కెనడా రాజధాని ఒట్టావాలోని కేంద్ర ప్రయోగ క్షేత్రంలో ఫెలిసిటాస్ స్వెయ్డా 1961లో గులాబీల సంకరణ మొదలుపెట్టారు. మొలకల్ని అక్కడి చలికే వదిలి, బతికినవాటిని ఏరుకున్నారు. 1983లో వచ్చిన ‘విలియం బాఫిన్’ అనే తీగ గులాబీ అలా దక్కిందే. మైనస్ 35 డిగ్రీలకూ అది చావదు. ఆ తీగ ఓపికకు నా నమస్కారం.

కెనడాలో పెరడున్న పాఠకులారా, పండిన గులాబీ కాయల గింజల్ని తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ చలి తగిలితేగాని గింజకు మెలకువ రాదు. మొలిచాక తల్లి పోలిక లేదని మాత్రం పీకేయకండి. కొన్ని తీగలు మూడో ఏటగాని మొగ్గ తొడగవు.